బరువు ఎక్కడ కూర్చుంటుంది? టూరింగ్ బైక్‌కి ర్యాకులు, పెట్టెలు బిగించే లెక్క

లాంగ్ ట్రిప్పుకి బండి సిద్ధం చేసుకునేవాళ్లు షాపులో మొదట అడిగేది పెట్టె ఎన్ని లీటర్లు అని. తర్వాత అల్యూమినియమా, ప్లాస్టిక్కా అని. ఆ పెట్టె కింద ఉండే ర్యాకు బండిని ఎన్ని చోట్ల పట్టుకుంటుందో, ఏ బోల్టు మీద వేలాడుతుందో అడిగేవాళ్లు తక్కువ. దారిలో దెబ్బతినేది మాత్రం చాలావరకు అక్కడే. పెట్టెకి ఏమీ కాదు. దాన్ని మోసే కమ్మీ వెల్డింగు దగ్గర చీలుతుంది, లేదా బోల్టు వదులై ఎక్కడో రాలిపోతుంది, లేదా అంతా గట్టిగానే ఉండి బండి మాత్రం తొంభై దాటగానే తోక ఊపడం మొదలుపెడుతుంది. మూడింటికీ మూలం ఒకటే: బరువు ఎక్కడ కూర్చుంది, అక్కడి నుంచి చాసీలోకి ఏ దారిన దిగుతోంది.

ఉదాహరణకి రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ 411ని తీసుకుందాం. 2016లో వచ్చింది. 2023 నవంబర్లో దాని స్థానంలోకి 450 వచ్చినా, 411 బళ్లు మన రోడ్ల మీద ఇంకా బోలెడు తిరుగుతున్నాయి. వెనక ర్యాకు, ట్యాంకు పక్క కమ్మీలు కంపెనీ నుంచే వస్తాయి కాబట్టి "దీనికి ఏది తగిలించినా ఆగుతుంది" అనే ధీమా ఈ బండి దగ్గరే ఎక్కువ. ఇక్కడ చెప్పే లెక్క క్లాసిక్ 350కీ, మీటియోర్‌కీ, కేటీఎం 390 అడ్వెంచర్‌కీ కూడా పనికొస్తుంది. మారేది బోల్టుల స్థానాలే.

ముందు కిలోల లెక్క

ఓనర్స్ మాన్యువల్‌లో రెండు అంకెలు చూడండి. ఒకటి పెట్రోలుతో సహా ఖాళీ బండి బరువు, రెండోది బండి మొత్తంగా మోయగల గరిష్ఠ బరువు. ఈ రెండింటి తేడాలోనే మీరు, వెనక కూర్చునేవారు, ర్యాకు, పెట్టెలు, సామాను అన్నీ ఇమడాలి. ఒక బండికి ఈ తేడా 180 కిలోలు వచ్చిందనుకోండి. హెల్మెట్, జాకెట్, బూట్లతో నడిపేవారు 85, వెనకవారు 65. ఇక మిగిలింది 30. పక్క ర్యాకులు ఐదారు కిలోలు ఉంటాయి. ముప్పై ఏడు లీటర్ల అల్యూమినియం పెట్టె ఖాళీగానే ఒక్కోటి సుమారు ఐదు కిలోలు. అంటే ఒక్క చొక్కా కూడా పెట్టకముందే పదిహేను కిలోలు పోయాయి. ఇద్దరి బట్టలు, పనిముట్లు, ట్యూబులు, నీళ్లు కలిపి మిగతా పదిహేనులో సర్దాలి.

అందుకే ఇద్దరు వెళ్లే ప్రయాణానికి అల్యూమినియం పెట్టెల కంటే సీటుకి రెండు వైపులా వేలాడే గుడ్డ సాడిల్ బ్యాగులే మేలని నా అభిప్రాయం. మంచి జత సాడిల్ బ్యాగులు, వాటికి కావాల్సిన సాడిల్ స్టే (బ్యాగు చక్రంలోకి పోకుండా ఆపే కమ్మీ) కలిపినా గట్టి పెట్టెల బరువులో సగం దాటవు. పెట్టెకి తాళం ఉంటుంది, వానకి తడవదు, హోటల్ ముందు నిలిపి నిశ్చింతగా టీ తాగొచ్చు, నిజమే. కానీ ఆ నిశ్చింతకి కిలోలలో ఎంత కడుతున్నామో తెలిసి కట్టాలి.

ఇప్పుడు టాప్ బాక్స్, అంటే సీటు వెనక ర్యాకు మీద కూర్చునే పెట్టె సంగతి. వెనక ఇరుసు మీదుగా నేల నుంచి పైకి ఒక నిలువు గీత ఊహించుకోండి. ఆ గీతకి వెనక పెట్టిన ప్రతి కిలో, వెనక చక్రం మీద కిలో కంటే ఎక్కువే పడుతుంది, ముందు చక్రం మీద నుంచి కొంత లేపేస్తుంది. పిల్లలాడే తూగుడుబల్ల లాంటిదే ఇది. 411కి రెండు ఇరుసుల మధ్య దూరం 1,465 మిల్లీమీటర్లు. నాలుగు కిలోల టాప్ బాక్స్‌లో ఎనిమిది కిలోల సామాను వేసి, దాని మధ్యభాగం ఇరుసుకి 40 సెంటీమీటర్లు వెనక్కి ఉండేలా బిగించారనుకుందాం. 12ని 400తో గుణించి 1,465తో భాగిస్తే దాదాపు 3.3 వస్తుంది. అంటే ముందు చక్రం 3.3 కిలోలు తేలికైంది, వెనక చక్రం మీద 15.3 కిలోలు పడింది. అదే 12 కిలోలు పక్క బ్యాగుల్లో ఇరుసుకి 10 సెంటీమీటర్లు ముందుకు ఉంటే ముందు చక్రం మీదకి దాదాపు 0.8 కిలో చేరుతుంది. మోసింది ఒకే బరువు, హ్యాండిల్ ఇచ్చే కబురు మాత్రం వేరు.

3.3 కిలోలే కదా అనిపించొచ్చు. ఇది నిలబడ్డ బండి లెక్క. స్పీడ్ బ్రేకరు దూకినప్పుడు, గుంతలో దిగినప్పుడు ర్యాకు చివర ఉన్న బరువు క్షణంపాటు రెండు మూడింతలవుతుంది. పైగా టాప్ బాక్స్ ఎత్తుగా ఉంటుంది, దాని వెనక గాలి సుడి తిరుగుతుంది. ముందు చక్రం తేలిక, వెనక బరువు ఎత్తులో, పైనుంచి గాలి తోపు. ఇవి కలిస్తే లారీని దాటేటప్పుడు హ్యాండిల్ తేలినట్టుండి, వెనక భాగం మెల్లగా పాములా ఊగుతుంది. చాలా పెట్టెల మూత లోపల గరిష్ఠ వేగం గంటకు 120 కి.మీ. అనీ, ఇన్ని కిలోలకు మించొద్దనీ స్టిక్కరు ఉంటుంది. చదవకుండా పీకేయకండి. ర్యాకుకి వేరే పరిమితి ఉంటుంది, పెట్టెని ర్యాకుకి పట్టి ఉంచే బేస్ ప్లేటుకి వేరే, పెట్టెకి వేరే. మూడింటిలో ఏది తక్కువైతే అదే మీ పరిమితి. పెట్టె పది కిలోలు మోస్తుందని రాసి ఉన్నంత మాత్రాన కింద ఉన్న ర్యాకు ఒప్పుకున్నట్టు కాదు.

మంచి ర్యాకుని చూసి గుర్తుపట్టడం

పక్క ర్యాకు ఒక్కో వైపు కనీసం మూడు చోట్ల బండిని పట్టుకోవాలి: సీటు వెనక, కూర్చున్నవారు పట్టుకునే గ్రాబ్ రెయిల్ బోల్టుల దగ్గర, వెనకవారు కాళ్లు పెట్టుకునే ఫుట్‌రెస్ట్ బ్రాకెట్ దగ్గర, మూడోది వెనక. ఈ మూడోదాన్ని చాలామంది తీసిపారేస్తారు. నంబర్ ప్లేటు వెనకగా ఎడమ ర్యాకునీ కుడి ర్యాకునీ కలిపే అడ్డకమ్మీ అది. చూడ్డానికి బాగోలేదనో, మడ్‌గార్డుకి తగులుతోందనో దాన్ని పెట్టెలోనే వదిలేస్తారు. అది లేకపోతే ఒక్కో పక్క ర్యాకు విడివిడిగా గోడకి కొట్టిన మేకులా వేలాడుతుంది. బరువు పడ్డప్పుడల్లా చక్రం వైపు వంగుతుంది, మళ్లీ బయటికి వస్తుంది. అడ్డకమ్మీ ఉంటే రెండు వైపులూ ఒకదాన్నొకటి తన్నిపట్టుకుంటాయి. సగం బలం ఆ చిన్న కమ్మీలోనే ఉంది.

తర్వాత వెల్డింగులు చూడండి. పైపు మీద చిన్న పలక నిలువుగా అతికి, ఆ పలకకి బోల్టు రంధ్రం ఉన్నచోట, మూలలో త్రికోణపు ముక్క వేసి ఉంటే తయారుచేసినవాళ్లకి పని తెలిసినట్టే. వెల్డింగు పూస ఒకే వెడల్పున, పక్కన గాడి పడకుండా ఉండాలి. పూస అంచున లోహాన్ని తినేసినట్టు గీత ఉంటే చీలిక మొదలయ్యేది అక్కడే. చేతికి బరువుగా తగిలితే గట్టిదని మోసపోవద్దు. అదే బరువున్న నిండు కడ్డీ కంటే లోపల డొల్లగా, కాస్త లావుగా ఉన్న పైపు వంపుకి ఎక్కువ తట్టుకుంటుంది.

మన దేశంలో ఇంకో చిక్కు ఉంది, చీర గార్డు. 1989 కేంద్ర మోటారు వాహన నియమాల్లో 123వ నియమం ప్రకారం వెనక కూర్చునేవారి కోసం పట్టుకునే పిడి, కాలు పెట్టే ఆధారం, వెనక చక్రాన్ని కనీసం సగం కప్పే రక్షణ ఉండాలి. ఆ రక్షణే ఎడమవైపు చీర గార్డు. చాలా బళ్లలో అది కూర్చునే బోల్టులే ఎడమ ర్యాకుకీ కావాలి. రెండూ ఒకే బోల్టుకి వేస్తే పాత బోల్టు పొడవు చాలదు. గార్డు తీసేసి ర్యాకు పెడితే, చీర కట్టుకున్నవారో చున్నీ వేసుకున్నవారో వెనక కూర్చున్న రోజున చక్రానికీ బట్టకీ మధ్య ఏమీ ఉండదు. గార్డుతో కలిపి కూర్చునే ర్యాకు ఎంచుకోవడమే సరైన పని.

బిగించే రోజు

రెండు మూడు గంటలు తీరిగ్గా పెట్టుకోండి. బండిని సెంటర్ స్టాండ్ మీద, గట్టి నేల మీద నిలపండి. వెనక భాగం కడిగి ఆరబెట్టాలి. బోల్టు రంధ్రంలో ఇసుక రేణువుంటే మర చెడుతుంది. కావాల్సినవి: 5, 6 మిల్లీమీటర్ల అలెన్ కీలు, 10, 12, 13 రింగు పానాలు, చిన్న టార్క్ రెంచి (ఎంత బిగించామో చూపే పానా), నీలిరంగు థ్రెడ్ లాకర్ (బోల్టు తిరగకుండా ఆపే జిగురు), పలుచని, మందమైన వాషర్లు కొన్ని, తెల్ల పెయింట్ మార్కర్. 12, 13 రెండూ ఎందుకంటే ఒకే ఎం8 (8 మిల్లీమీటర్ల మందం) బోల్టుకి కొన్ని బళ్లలో తల 12 ఉంటుంది, బజారులో కొన్నదానికి 13 ఉంటుంది.

కిట్‌లో వచ్చిన బోల్టులు, స్పేసర్లు గుడ్డ మీద పరిచి పొడవు ప్రకారం వరుసగా పెట్టండి. కాగితంలో ఉన్న లెక్కతో సరిచూసుకోండి. బండి నుంచి ఏది విప్పే ముందైనా ఫోన్లో ఫొటో తీయండి. ఇక ముఖ్యమైన మాట: రెండు వైపులా ఒకేసారి విప్పకండి. గ్రాబ్ రెయిల్ బోల్టులే కొన్ని బళ్లలో మడ్‌గార్డునీ, సబ్‌ఫ్రేమ్ (సీటుని, వెనక భాగాన్ని మోసే చట్రం) ప్లాస్టిక్కునీ పట్టుకుంటాయి. నాలుగూ తీస్తే మడ్‌గార్డు కిందికి జారి, రంధ్రాలు కలపడానికి అరగంట పడుతుంది. కుడి రెండు తీయండి, కొత్తవి వేయండి, అప్పుడు ఎడమకి వెళ్లండి.

ప్రతి బోల్టునీ ముందు చేత్తో తిప్పాలి. మూడు నాలుగు చుట్లు వేళ్లతోనే సాఫీగా వెళ్లాలి. మొదటి చుట్టులోనే బిగుసుకుంటే మర అడ్డంగా పడుతోందని అర్థం. పానా పెట్టి నెట్టితే రంధ్రం పాడైపోతుంది. బోల్టుని కాస్త వెనక్కి తిప్పితే 'టక్' అని మర గాడిలో పడ్డ చిన్న కదలిక వేళ్లకి తెలుస్తుంది, అక్కడి నుంచి ముందుకు తిప్పండి. అన్ని బోల్టులూ ఇలా వదులుగా ఎక్కేవరకూ ఒక్కటి కూడా బిగించకూడదు.

ఆఖరి రంధ్రం కలవకపోవడం మామూలే. రెండు మూడు మిల్లీమీటర్ల తేడా అయితే ర్యాకుని చేత్తో నొక్కి కలపొచ్చు. అంతకు మించితే పక్కవాడిని గుంజమని బోల్టు దూర్చకండి. అలా లాగి బిగించిన పైపు ఎప్పుడూ వంగి ఉన్న విల్లులా ఉంటుంది. దాని మీద రోడ్డు కుదుపులు తోడై, నెలల్లో చీలాల్సింది వారాల్లో చీలుతుంది. రంధ్రాన్ని గుండ్రటి ఆకురాయితో కోలగా సాగదీయండి. ర్యాకు రంధ్రాన్నే సుమా, బండిదాన్ని కాదు. రాకిన చోట పెయింట్ పూయాలి. ర్యాకుకీ బండికీ మధ్య సందు మిగిలితే వాషర్లతో నింపాలి. సందు ఉంచి బోల్టుతో లాగేయడం కూడా పైన చెప్పిన తప్పే.

బిగించే వరుస బండి దగ్గర నుంచి బయటికి. ముందు సబ్‌ఫ్రేమ్ బోల్టులు, తర్వాత ఫుట్‌రెస్ట్ బ్రాకెట్, చివర అడ్డకమ్మీ. మాన్యువల్‌లో టార్క్ అంకె ఉంటే అదే పాటించాలి. లేకపోతే ఉక్కు మరలో 8.8 గ్రేడు (బోల్టు బలం చెప్పే అంకె) ఎం6కి దాదాపు 10 న్యూటన్ మీటర్లు, ఎం8కి 22 నుంచి 25 సరిపోతుంది. అల్యూమినియంలోకి వెళ్లే బోల్టుకి ఇంకాస్త తగ్గించండి.

బోల్టు దగ్గర కాసేపు ఆగుదాం

బోల్టు పొడవుని కళ్లతో అంచనా వేయొద్దు. కొత్తగా ర్యాకు పలక, స్పేసరు, వాషరు చేరాయి కాబట్టి పాత బోల్టు వేస్తే నాలుగు మరలే పట్టుకోవచ్చు. ఉక్కులో బోల్టు మందానికి సమానమైన లోతు మర పట్టాలి. ఎం8 అయితే కనీసం 8 మిల్లీమీటర్లు. అల్యూమినియంలో దానికి ఒకటిన్నర రెట్లు, అంటే 12. మరీ పొడవైనా ఇబ్బందే. అవతల టైరుకో వైరుకో తగులుతుంది, లేదా రంధ్రం అడుగున తన్ని, బిగిసినట్టు అనిపిస్తూనే ర్యాకుని వదులుగా ఉంచుతుంది.

మెరిసే స్టెయిన్‌లెస్ బోల్టు అంటే మోజు ఎక్కువ. తుప్పు పట్టదు, మంచిదే. కానీ మామూలుగా దొరికే ఏ2-70 రకం బలంలో 8.8 కంటే కాస్త తక్కువ. స్టెయిన్‌లెస్ బోల్టుకి స్టెయిన్‌లెస్ నైలాక్ (లోపల నైలాన్ రింగున్న) నట్టు వేగంగా బిగిస్తే రెండూ రాసుకుని అతుక్కుపోతాయి, ఇక కోయడమే. వేయాలనుకుంటే మరకి యాంటీ సీజ్ గ్రీజు రాసి నెమ్మదిగా తిప్పండి. మరకి గ్రీజు ఉన్నప్పుడు అదే టార్క్‌కి బోల్టు ఎక్కువ సాగుతుంది కాబట్టి అంకె కొంచెం తగ్గించాలి. బరువు మోసే చోట్ల నల్లటి 8.8 బోల్టులే నమ్మకం. తల మీద 8.8 అని అచ్చు ఉంటుంది, చూసి కొనండి. సికింద్రాబాద్ రాణిగంజ్ హార్డ్‌వేర్ షాపుల్లో పొడవు చెబితే విడిగా ఇస్తారు. ఒక్కో సైజులో రెండు అదనంగా తెచ్చుకుంటే ప్రయాణంలో పనికొస్తాయి.

ర్యాకు కొత్తగా ఉన్నప్పుడు బోల్టులు ఎందుకు వదులవుతాయో చాలామందికి అంతుపట్టదు. "బాగానే బిగించానే" అంటారు. బిగించింది నిజమే. ర్యాకు మీది పౌడర్ కోటింగు పెయింటు మందంగా ఉండి, వాషరు కింద నలిగి, కొద్దికొద్దిగా పలచబడుతుంది. అది పలచబడినంత మేర బోల్టులో సాగుడు తగ్గిపోతుంది. బోల్టు తిరగకుండానే వదులవుతుంది. దీనికి థ్రెడ్ లాకర్ మందు కాదు. అది బోల్టుని తిరగనివ్వదు కానీ పోయిన బిగువుని తెచ్చిపెట్టదు. అందుకే లాకర్ వేయడానికి ముందే, పొడిగా బిగించి ఓ యాభై కిలోమీటర్లు తిప్పి, మళ్లీ బిగువు చూసి, అప్పుడు ఒక్కో బోల్టూ తీసి నీలి లాకర్ వేసి పెట్టడం ఉత్తమం. ఎర్ర లాకర్ జోలికి పోవద్దు, వేడి చేస్తే తప్ప ఊడదు. చివరగా బోల్టు తల మీద నుంచి పక్క పలక మీదకి తెల్ల మార్కరుతో ఒకే గీత గీయండి. తర్వాత ఎప్పుడైనా గీత విరిగి కనిపిస్తే బోల్టు తిరిగిందని ఒక్క చూపులో తెలుస్తుంది.

ఖాళీ జాగాలు చూసుకోవడం

411కి సైలెన్సర్ కుడివైపు పైకి లేచి ఉంటుంది. నిండిన బ్యాగుకీ సైలెన్సర్‌కీ మధ్య మూడు వేళ్ల సందైనా ఉండాలి. ఖాళీ బ్యాగు పెట్టి చూసి సరిపోయిందనుకోకండి. బ్యాగు నిండితే పొట్ట ముందుకొస్తుంది, వానలో తడిస్తే కిందికి సాగుతుంది. నైలాన్ బట్ట కాలడానికి గంటలు పట్టదు. కాలిన చోట రంధ్రం పడి అందులోంచి రెయిన్ కోటు వేలాడి చక్రంలోకి వెళ్లడం అసలు ప్రమాదం. సందు చాలకపోతే హీట్ షీల్డ్ వేయండి, లేదా ఆ వైపు చిన్న బ్యాగు పెట్టండి.

ఇద్దరు బరువైనవాళ్లు కూర్చుని, షాక్ పూర్తిగా కిందికి నొక్కుకునేలా ఒత్తాలి. మూడోవాళ్లు వంగి చూడాలి: టైరుకి ర్యాకు గానీ బోల్టు కొన గానీ తగులుతోందా, చెయినుకి దగ్గరగా పట్టీ ఉందా. వెనకవారి మడమ పెట్టెకి తగులుతుంటే వంద కిలోమీటర్ల తర్వాత వారి మోకాళ్లు సమాధానం చెబుతాయి. ఇండికేటర్లు, బ్రేకు లైటు, నంబర్ ప్లేటు వెనక నుంచీ పక్క నుంచీ కనిపించాలి. పెట్టె ఇండికేటర్‌ని దాచేస్తే దాన్ని వెనక్కి జరిపే బ్రాకెట్లు దొరుకుతాయి. వైరు లాగి అతికించకుండా ముక్క కలిపి సోల్డర్ చేసి హీట్ ష్రింక్ గొట్టం వేయాలి.

ఇంకో పరీక్ష ఎవరూ చేయరు, చేయాల్సిందే: ర్యాకు ఉంచి సీటు ఊడదీయండి. టాప్ ర్యాకు పలక ముందుకు వచ్చి సీటుని లేవనివ్వకపోతే టూల్ కిట్, బ్యాటరీ, ఫ్యూజులు అన్నీ లోపలే బందీ. అలాగే వెనక ఇరుసు నట్టుకి పానా పట్టి తిప్పే జాగా ఉందో లేదో చూడండి. 411వి ట్యూబు టైర్లు. పంక్చరైతే చక్రం దించాలి. చీకట్లో, ఘాట్ రోడ్డులో, చక్రం దించడానికి ముందు ర్యాకు విప్పాల్సిన పరిస్థితి ఎవరికీ రాకూడదు.

వెడల్పు కూడా కొలవండి. 411 హ్యాండిల్ చివర నుంచి చివరకి 840 మిల్లీమీటర్లు. సందులో దూరేటప్పుడు మన కన్ను హ్యాండిల్‌నే కొలతగా తీసుకుంటుంది. పెట్టెలు అంతకంటే వెడల్పుంటే హ్యాండిల్ దాటిన చోట పెట్టె ఆగిపోతుంది. మట్టి రోడ్ల మీద గట్టి పెట్టెతో ఇంకో ముప్పు ఉంది. ఇసుకలో జారి కాలు కింద పెట్టినప్పుడు, ముందుకు వెళ్తున్న బండి పెట్టె వెనక నుంచి పిక్కని తన్ని కాలిని కిందికి లాక్కుంటుంది. లంబసింగి పొలిమేర దారులు, స్పితి రాళ్ల బాటలు మనసులో ఉంటే గుడ్డ బ్యాగులకే ఓటు.

టాప్ బాక్స్ బేస్ ప్లేటుని ఎంత ముందుకి వీలైతే అంత ముందుకి బిగించండి, వెనకవారి వీపుకి ఆనుకునేంత. ప్లేటు ప్లాస్టిక్‌దైతే వెడల్పాటి వాషర్లు వేయాలి. లేకుంటే బోల్టు చుట్టూ నక్షత్రంలా పగుళ్లు వస్తాయి.

సర్దడం, కట్టడం

బరువైనవి కిందికి, ముందుకి. పనిముట్లు, ట్యూబులు, పంపు, నీళ్ల సీసాలు పక్క బ్యాగుల అడుగున ముందువైపు మూలలో. నిద్ర సంచి, స్వెట్టర్లు, తేలికైన ఉబ్బరపు సరుకంతా టాప్ బాక్స్‌లోకి లేదా టెయిల్ బ్యాగులోకి. ఎడమ కుడి బ్యాగుల తేడా కిలో, కిలోన్నర దాటనివ్వొద్దు. అమెరికా ప్రయాణాల సూట్‌కేసులు తూచే కొక్కెం త్రాసు మన ఇళ్లల్లో చాలాచోట్ల ఉంటుంది. దానికి తగిలిస్తే అంకె వచ్చేస్తుంది.

ట్యాంకు పక్క కమ్మీలు పెట్రోలు క్యాన్ల కోసం. మనాలి నుంచి లేహ్ వెళ్లే దారిలో టాండీ బంకు దగ్గర తర్వాతి బంకు 365 కి.మీ. దూరమని రాసిన బోర్డు బైకర్లందరికీ తెలుసు. 15 లీటర్ల ట్యాంకుతో 411 ఆ దూరం దాటగలదు గానీ ఎత్తులో, మొదటి రెండు గేర్లలో మైలేజీ పడిపోతుంది. ఐదు లీటర్ల పెట్రోలు సుమారు 3.7 కిలోలు. క్యానుని పైదాకా నింపొద్దు, ఎండకి పెట్రోలు వ్యాకోచిస్తుంది. ఒకవైపే క్యాను పెడితే రెండోవైపు అంత బరువు నీళ్లు పెట్టండి.

టెయిల్ బ్యాగుకి కొక్కేలున్న బంగీ తాడు వాడకండి. సాగిన తాడు జారితే ఇనుప కొక్కెం నేరుగా ముఖం మీదకి వస్తుంది, కంటికి తగిలితే చూపే పోవచ్చు. పైగా సాగే తాడు కుదుపుకి సాగుతూనే ఉంటుంది, బ్యాగు జరుగుతూనే ఉంటుంది. కామ్ బకిల్ (పట్టీని నొక్కి పట్టే బకిల్) పట్టీలు రెండు తీసుకుని, ఒక్కోటి బ్యాగుకి ముందుగా కిందికి, వెనకగా కిందికి లాగేలా వేయండి. పట్టీ పలకగా ఉంటే గాలికి బుర్రున మోగుతుంది. ఒక్క మెలిక తిప్పితే ఆగిపోతుంది.

ఇప్పుడు పట్టీ చివర. కట్టిన తర్వాత అడుగో అడుగున్నరో తోక మిగులుతుంది. దాన్ని ఊరికే బ్యాగు కింద దోపితే గాలి గంటలో బయటికి లాగుతుంది. ఆ తోక ఎడమవైపు చెయినుకీ వెనక పళ్లచక్రానికీ మధ్య పడిందంటే వెనక చక్రం అక్కడికక్కడే బిగుసుకుంటుంది. తోకని చివర నుంచి చుట్టగా చుట్టి, చుట్ట మీద రెండుసార్లు రబ్బరు బ్యాండు వేసి, బకిల్ పక్కన పట్టీ కిందికి దూర్చండి. పొడవు ఎప్పటికీ అవసరం లేదంటే కోసి, కొనని లైటరుతో కరిగించేయండి. టీ కోసం ఆగిన ప్రతిసారీ ఈ ఒక్కటీ చూడాలి.

వాన సంగతి క్లుప్తంగా: బ్యాగు బట్టకి తడి ఆగినా కుట్టు దగ్గర, జిప్పు దగ్గర దిగుతుంది. బయటి రెయిన్ కవర్ గాలికి బెలూనులా ఉబ్బి ఎగిరిపోతుంది. బట్టలు లోపలే డ్రై బ్యాగులో పెట్టి, నోరు మూడు మడతలు చుట్టి బకిల్ పెట్టడమే నికరం.

బండిని బరువుకి అలవాటు చేయడం

సామాను ఎక్కగానే వెనక భాగం కుంగుతుంది, హెడ్‌లైట్ ఆకాశం చూస్తుంది, ముందు ఫోర్కు కోణం మారి బండి తిరగడానికి మొరాయిస్తుంది. 411కి వెనక చక్రం ప్రయాణం 180 మిల్లీమీటర్లు. మీరు, సామాను కలిపి ఎక్కాక అందులో మూడోవంతు లోపే, అంటే 50 నుంచి 60 మిల్లీమీటర్లు కుంగితే సరి. కొలవడం సులువు: సెంటర్ స్టాండ్ మీద చక్రం గాలిలో ఉన్నప్పుడు ఇరుసు నుంచి సీటు కింద ఒక గుర్తు దాకా టేపు పెట్టండి. తర్వాత బరువుతో, నేల మీద అదే కొలత తీయండి. తేడాయే కుంగుడు. ఎక్కువగా ఉంటే షాక్ మీద ఉన్న రింగుని సి ఆకారపు పానాతో తిప్పి ప్రీలోడ్ (స్ప్రింగుని ముందే నొక్కి ఉంచే బిగువు) పెంచాలి. టైరు గాలి కంపెనీ స్టిక్కరు మీద ఇద్దరికి ఇచ్చిన అంకె దాకా పెంచండి, అదీ టైరు చల్లగా ఉన్నప్పుడు. చివర్లో హెడ్‌లైట్‌ని కిందికి దించండి. ఎదురొచ్చేవాళ్ల కళ్లు మన సామాను వల్ల జిగేలుమనకూడదు.

చీలిక ముందే కబురు పంపుతుంది

మొదటి 50 కిలోమీటర్లకి ఒకసారి, 200కి ఒకసారి, 500కి ఒకసారి అన్ని బోల్టులూ చూడాలి. ఆ తర్వాత లాంగ్ ట్రిప్పులో రోజూ పొద్దున్నే గీతలు చూస్తే చాలు. గీత కాకుండా ఇంకో రెండు గుర్తులున్నాయి. బోల్టు తల చుట్టూ ఎర్రమట్టి రంగు పొడి కనిపిస్తే ఉక్కు ఉక్కుతో రాసుకుంటోంది. నల్లటి బూడిద లాంటి పొడి అయితే అల్యూమినియం రాసుకుంటోంది. అంటే బోల్టు ఉంది, బిగువు లేదు. రెండోది, వెల్డింగు పూస అంచున పెయింట్ మీద వెంట్రుక సన్నంగా తుప్పు గీత. పెయింట్ పగులేమోలే అనుకోకండి. గోరుతో అడ్డంగా గీసి చూడండి. గోరు తట్టుకుంటే లోహమే చీలింది, ఆ వైపు బరువు వెంటనే దించాలి.

దారి మధ్యలో చీలితే, సాయంత్రం దాకా లాగడానికి ఒక ఉపాయం. టైరు లివర్‌ని చీలిక మీదుగా పైపు పొడవునా ఆనించి, అటు రెండు, ఇటు రెండు జూబ్లీ క్లిప్పులు (స్క్రూతో బిగిసే గొట్టం పట్టీలు) వేసి స్క్రూడ్రైవరుతో బిగించండి. విరిగిన ఎముకకి కర్ర కట్టినట్టే. నలభై దాటకుండా వెల్డింగు షాపు దాకా వెళ్లొచ్చు. నాలుగు జూబ్లీ క్లిప్పులు టూల్ కిట్‌లో వేసుకుంటే మహా అయితే వంద గ్రాములు.

వెల్డింగుకి ర్యాకుని బండి నుంచి విప్పి ఇవ్వండి. బండి మీదే పెట్టి అతికిస్తే కరెంటు వైరింగు దారిన, చక్రాల బేరింగుల దారిన వెళ్లి ఈసీయూని (ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్), ఏబీఎస్‌ని చెడగొట్టొచ్చు. మరీ తప్పనిసరైతే బ్యాటరీ నెగటివ్ తీగ తీసి, ఈసీయూ కనెక్టర్ ఊడదీసి, ఎర్త్ క్లాంపుని వెల్డింగు పక్కనే పెట్టించండి. బండి చాసీకి నేరుగా ఏదీ అతకనివ్వొద్దు. కొత్తగా ర్యాకు చేయించుకుంటే, విజయవాడ ఆటోనగర్ లాంటి చోట పని తెలిసినవాళ్లకి కొదవలేదు గానీ, అడగాల్సింది మనమే: 19 మిల్లీమీటర్ల పైపు, 2 మిల్లీమీటర్ల గోడ, వంపులు కాల్చి కొట్టకుండా బెండర్‌తో తిప్పాలి, మూలల్లో త్రికోణపు ముక్కలు, వెనక అడ్డకమ్మీ. అట్ట ముక్కతో ముందే నమూనా కోసి బండికి పెట్టి చూపిస్తే మేస్త్రీకి సగం పని తగ్గుతుంది.

ఉత్తరాది ప్రయాణానికి సికింద్రాబాద్ నుంచి బండిని రైలు పార్సిల్‌లో పంపేవాళ్లు పెట్టెలు, టాప్ బాక్స్ బేస్ ప్లేటు తీసేసి పంపాలి. పెట్రోలు ఎలాగూ ఖాళీ చేయిస్తారు. పార్సిల్ బోగీలో బళ్లని ఒకదానికొకటి ఆనించి నిలబెడతారు కాబట్టి బయటికి పొడుచుకొచ్చిన పక్క ర్యాకు మీదే పక్కబండి బరువు పడుతుంది. ర్యాకు చుట్టూ పాత ట్యూబు ముక్కలు చుట్టి, గోనెసంచి కట్టి పంపండి. దించుకున్నాక పెట్టెలు తగిలించే ముందు ఎడమ, కుడి ర్యాకుల నుంచి టైరు మధ్యకి దూరం టేపుతో కొలవండి. రెండు కొలతలూ ఒకటి కాకపోతే ఏదో ఒకటి వంగింది, అక్కడే సరిచేయించుకుని బయల్దేరండి.